దివాను కూతురు తాడెందుకు కోసింది

పోయిన నెల ఇద్దరు అమ్మాయిలు యాప్రాల్‌లో మా ఇంటికి వచ్చారు. నేను పనిచేసి రిటైరైన ఫిల్ము ఆర్కైవ్‌లో, పాత మూకీ సినిమాలను బాగుచేసే విభాగంలో కొత్తగా చేరారట. "మేడం, మీ సర్వీసులో దొరికినవాటిలో బెస్ట్ సినిమా ఏది?" అని అడిగారు. దొరికినవాటి గురించి అక్కడ బీరువాల నిండా కాగితాలున్నాయి, చదువుకోండి అన్నాను. నేను చేసిన తప్పు గురించి మాత్రం ఏ కాగితంలోనూ పూర్తిగా లేదు. అది వాళ్లకు చెప్పాను. చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను.

అసలు పని

మూకీ సినిమా రీలు ఒకటి మీ బల్ల మీదికి వస్తుంది. పేరుండదు. ఎవరు తీశారో తెలియదు. మధ్యమధ్యలో మాటలు చూపించే అక్షరాల పలకల్ని ఎవరో ఎప్పుడో కత్తిరించి పారేసి ఉంటారు. తొమ్మిది రీళ్ల సినిమాలో నాలుగో అయిదో మిగులుతాయి. ఏది ముందో ఏది వెనకో డబ్బా మీద రాసి ఉండదు. ఆ ముక్కల్ని చూసి, వరస పెట్టి, ఇదీ కథ అని ఒక కాగితం మీద రాసి సంతకం చేయాలి. దాన్ని మేం కథాపత్రం అనేవాళ్లం. తర్వాత ఆ సినిమా గురించి రాసేవాళ్లందరూ ఆ కాగితాన్నే నమ్ముతారు. సినిమా విడుదలైనప్పుడు చూసినవాళ్లు ఎవరూ బతికి లేరు. అంటే మీరు ఏం రాస్తే అదే సినిమా.

జీతం పడేది మిగతా పనులన్నిటికీ. భయపడాల్సింది మాత్రం ఆ ఒక్క సంతకానికి.

ఆ కథల్ని చూసి నవ్వకండి

చేరిన కొత్తలో నేను బాగా నవ్వాను. మంత్రి రాజుకు విషం పెడతాడు. యువరాజు అడవుల పాలై దొంగల నాయకుడవుతాడు. రాకుమారి మగవేషం వేసి, ముఖానికి ముసుగు కట్టి, గుర్రం మీద కోట గోడ దూకుతుంది. ఒకరికి రాసిన ఉత్తరం ఇంకొకరి చేతికి చిక్కుతుంది. పసితనంలో తప్పిపోయిన అన్న, కత్తియుద్ధం మధ్యలో చొక్కా చిరిగి, భుజం మీది పుట్టుమచ్చతో బయటపడతాడు. అందరూ గుండెలు బాదుకుంటారు, ఆకాశం వైపు చేతులు చాస్తారు, మూర్ఛపోతారు.

పదేళ్లు చూశాక నవ్వు పోయింది. మాట లేని సినిమాలో నిందపడ్డ మనిషి "నేను కాదు" అని చెప్పుకోలేదు. అందుకే పుట్టుమచ్చ కావాలి, ఉంగరం కావాలి, చిరిగిన ఉత్తరం కావాలి. నోరు లేనిచోట కంటికి కనిపించేదే సాక్ష్యం. ఆ సినిమాలు తీసినవాళ్లకు ఇది బాగా తెలుసు. తెర మీద ఒక వస్తువు కనిపించినా, ఒక మనిషి తల తిప్పి చూసినా, దానికొక కారణం ఉంటుంది. ఈ సంగతి నేను కొత్తవాళ్లకు పాఠంలా చెప్పేదాన్ని. అవసరం వచ్చిన రోజున నేనే మరిచిపోయాను.

బోయిగూడలో ఏడు డబ్బాలు

పదేళ్ల కిందట, మే నెలలో, పొద్దున పదకొండింటికి ఫోన్ వచ్చింది. మాట్లాడింది యూసుఫ్ అని, బోయిగూడలో ఇస్త్రీ షాపు నడిపే ఆయన.

"మేడం, మా ఇంట్ల పాత సిన్మ డబ్బలు ఏడున్నయ్. అమ్మ పారెయ్యనిస్తలేదు. జెర చూస్తరా? వాసనకు కండ్లు మండుతున్నయ్."

కళ్లు మండుతున్నాయనగానే నేను కుర్చీలోంచి లేచాను. ఆ కాలపు ఫిల్ము నైట్రేటుతో చేసేవాళ్లు. అది కుళ్లడం మొదలైతే ఘాటు వాయువు వస్తుంది, లోలోపల వేడెక్కుతుంది. బాగా కుళ్లిన రీలు అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు, మండువేసవి చాలు. ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు.

ఫైరాఫీసుకు చెప్పి బయల్దేరాను. ఫైరింజను సందు మొదట్లోనే ఆగిపోయింది, లోపలికి పట్టలేదు. యూసుఫ్ ఇంటి ముందు గదే షాపు. బల్ల మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె, పక్కన తట్టలో ఎర్రగా కణకణలాడుతున్న బొగ్గులు. సరిగ్గా వాటిపైన, గోడకున్న సిమెంటు సజ్జ మీద, తుప్పు పట్టిన రేకు డబ్బాలు. లెక్కపెట్టాను. ఆరున్నాయి.

"ముందు ఆ నిప్పులు బయటికి తీసుకుపో."

"ఇప్పుడే అంటుకున్నయ్ మేడం..."

"యూసుఫ్, మాట్లాడకుండా తీసుకుపో. పక్కిళ్లల్లో పొయ్యిలు కూడా ఆర్పించు. ఏడు డబ్బాలన్నావు కదా, ఏడోది ఏది?"

"వాసన పోతదని పొద్దుగాల మిద్దె మీద ఎండల పెట్టిన."

పరుగెత్తాను. మెట్లెక్కి చూస్తే డబ్బా ఎండలో ఉంది. మూత ఉబ్బింది. అంచు చుట్టూ తేనె రంగు నురగ పొంగుతోంది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. తడి గోనెసంచి కప్పి, నేనూ ఒక ఫైరాయనా చెరోవైపు పట్టుకుని, మిద్దె మీదే నీళ్లు నింపి ఉన్న డ్రమ్ము దాకా పది అడుగులు నడిచాం. ఆ పది అడుగులూ నేను ఊపిరి పీల్చిన గుర్తు లేదు. నీళ్లలో ముంచగానే బుడగలు వచ్చాయి. చాలాసేపు వచ్చాయి. ఆ తర్వాత ఆగిపోయాయి.

సజ్జ మీది ఆరింటిని ఒక్కొక్కటే దించాం. అందులో ఇంకొకటి కూడా పూర్తిగా కుళ్లి అట్టకట్టింది. దాన్నీ నీళ్లలో వేయించాను. ఆ రెండింటినీ ఆ రోజే ధ్వంసం చేయమని కాగితం మీద సంతకం చేశాను. మిగతా అయిదూ ఐసుపెట్టెల్లో పెట్టించాను.

రెండు రీళ్లను పోగొట్టినందుకు నేను చింతించడం లేదు. ఆ సందులో నలభై కుటుంబాలున్నాయి. కానీ అట్టకట్టిన ఆ రెండో రీలు పైచుట్టులో కొన్ని బొమ్మలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. జేబులో ఫోనుంది. పదిహేను నిమిషాలు నిలబడి ఫోటోలు తీసి ఉండాల్సింది. తీయలేదు. ఇది నా మొదటి తప్పు.

రెండోది అక్కడే, ఆ వెంటనే. యూసుఫ్ వాళ్లమ్మ జైనబ్ బీ అప్పటిదాకా సందులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తోంది. డెబ్బై అయిదు దాటిన మనిషి. నా చెయ్యి పట్టుకుంది.

"అవిట్ల మా అమ్మ ఉన్నది బిడ్డా. పెండ్లిగాక ముందు బొంబాయిల రెండేండ్లు సిన్మల చేసింది. గుర్రమెక్కుతుండె, కత్తి తిప్పుతుండె. మా నాయిన తరఫోళ్లు ఆ ముచ్చట ఎత్తనియ్యలే. గీ సిన్మ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కూసో, చెప్తా."

"మళ్లీ వస్తానమ్మా, తీరిగ్గా వింటాను" అన్నాను. వెళ్లలేదు.

తొందర

మా డైరెక్టరు శ్రీధర్ రావు గారు. చెడ్డవారు కాదు. ఆయన లేకపోతే ఆ ఆర్కైవ్‌కు కరెంటు బిల్లు కట్టే దిక్కుండేది కాదు. కానీ ఏ పనైనా నలుగురికీ చూపించేదాకా ఆయనకు నిద్ర పట్టదు. ఆరు నెలల పనిని ఆరు వారాల్లో చేయమన్నారు. బేగంపేటలో హాలు మాట్లాడేశారు. చేయలేనని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. నా రిటైర్మెంటు దగ్గర పడుతోంది, పెద్ద సినిమా ఒకటి నా పేరు మీద ఉంటే బాగుంటుందన్న ఆశ నాకూ ఉంది.

అయిదు రీళ్లలో కనిపించిన కథ ఇది. దివాను రాజ్యాన్ని కాజేయాలని చూస్తుంటాడు. అతని కూతురు, అంటే జైనబ్ బీ తల్లి, రాజు పక్షాన ఉన్న సేనాపతిని ప్రేమిస్తుంది. దివాను కూతురికి వజ్రాల హారం ఇచ్చి ఏదో ఆశ చూపిస్తాడు. సేనాపతి కోటలో బందీ అవుతాడు. తాడు పట్టుకుని గోడ మీంచి దిగుతుంటాడు. పైనుంచి ఆమె కత్తి తీసి తాడు కోసేస్తుంది. అతను నదిలో పడిపోతాడు. ఒడ్డుకు చేరి, కోట వైపు చూసి, పిడికిలి బిగించి శపథం చేస్తాడు. చివరి రీల్లో ఆమె చెరసాలలో ఏడుస్తుంటుంది.

హారం, కత్తి, తాడు, శపథం, చెరసాల. నాకు సందేహమే రాలేదు. "ఆభరణాలకు ఆశపడి ప్రియుడికి ద్రోహం చేసి, చివరికి శిక్ష అనుభవించిన దివాను కూతురి కథ" అని కథాపత్రం రాసి సంతకం పెట్టాను.

రీళ్లను కంప్యూటర్లోకి కాపీ తీశాక, బొమ్మ శుభ్రం చేసే పని అందులోనే జరుగుతుంది. దుమ్ము, మచ్చలు, గీతలు ఎక్కడున్నాయో అది గుర్తుపట్టి చుట్టూ సున్నా చుట్టి చూపిస్తుంది. మనం సరే అంటే తుడిచేస్తుంది. ఒక్కొక్క దాన్నీ చూసి సరే అనాలి. ఆఖరి వారంలో నేను చూడకుండానే సరే నొక్కుతూ పోయాను. డిస్కులో చోటు చాలడం లేదంటే, తుడవకముందు తీసిన కాపీని చెరిపేయడానికి కూడా ఒప్పుకున్నాను.

బేగంపేట హాల్లో

ఆ సాయంత్రం హాలు నిండింది. హార్మోనియం, తబలా పెట్టించారు. ముందు వరసలో జైనబ్ బీ, యూసుఫ్, వాళ్ల పక్కన తెల్ల గడ్డం పెద్దమనిషి ఒకాయన. జైనబ్ బీ తమ్ముడు రషీద్ అని యూసుఫ్ చెప్పాడు. తల్లి సినిమాల్లో చేసిందన్న మాట ఆయన ఏనాడూ నోటితో అనలేదట. అక్క బతిమాలితే వచ్చాడు.

శ్రీధర్ రావు గారు నా కథాపత్రం చదివి వినిపించారు. ద్రోహం అన్న మాట మైకులో గట్టిగా వినిపించింది. ఆట మొదలైంది. తాడు కోసే చోట హాలంతా హా అంది. ఎవరో "ఎంత పాపిష్ఠిది" అన్నారు. రషీద్ గారు లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయారు.

జైనబ్ బీ చివరిదాకా కూర్చుంది. దీపాలు వెలిగాక నా దగ్గరికి వచ్చింది.

"గిది మా అమ్మ సిన్మ గాదు."

"అమ్మా, అవి మీ ఇంట్లో రీళ్లే..."

"రీళ్లు మావే. కథ మీది." ఆమె తెర వైపు చెయ్యి చూపించింది. "కోట కింద దివాను మనుషులు బల్లేలు వట్టుకోని కూసున్నరు. ఆయన దిగితే పొడుస్తరు. ఆమె పైనకెళ్లి చూసింది. ఒర్రింది, ఇనవడలే. దిగుతనే ఉన్నడు. నదిల వడితెనన్న బతుకుతడని తాడు కోసింది. ఆయనేమో దగా చేసిందనుకున్నడు. ఆయన్ను తప్పిచ్చినందుకు కన్నతండ్రే ఆమెను ఖైదుల ఏసిండు. గిదీ కథ. మా అమ్మ బతికినన్ని దినాలు గిదే చెప్పింది. నువ్వు ఇంటానన్నవ్, రాలే."

ఆమె తమ్ముడు వదిలి వెళ్లిన కుర్చీ వైపు చూసింది.

"అమ్మ పోయిన ముప్పై ఏండ్లకు మా తమ్ముడు ఆమె మొఖం చూద్దామని వచ్చిండు. ఏం చూసి పోయిండు బిడ్డా? నా డబ్బలు నాకియ్యుండ్రి. సజ్జ మీదనే ఉంటయ్."

మళ్లీ ఆ నిప్పుల మీద. యూసుఫ్ తలవంచుకుని ఆమెను నడిపించుకు వెళ్లాడు.

ఆ చుక్కలు

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు శ్రీధర్ రావు గారి గదిలో ఉన్నాను. కథాపత్రం తప్పు కావచ్చని చెప్పాను.

"విమల గారూ, ఆమెకు తల్లి మీద ప్రేమ. సహజం. కానీ మీరు అయిదు రీళ్లు చూశారు. బల్లేలు పట్టుకున్నవాళ్లు ఒక్కరైనా కనిపించారా?"

"ఆ చోటు పోయిన రీళ్లలో ఉండొచ్చు సార్."

"ఉండొచ్చు అంటే పేపరువాళ్లకు ఏమని చెప్పను? రుజువు చూపించండి, మార్చేద్దాం. లేదంటే వదిలేయండి. వందేళ్ల నాటి కథ, ఎవరికి నష్టం?"

"నష్టం ఎవరికో నిన్న హాల్లో చూశాను సార్."

ఆయన ఫైలు ముందుకు లాక్కున్నారు. ఇంతలో నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది, చూడకుండా సరే నొక్కి నేను తుడిపించినవాటిలో ఏం పోయిందో తెలియదు. తుడవని కాపీ చెరిపేశాం. మిగిలింది అసలు రీళ్లే. కాపీ తీసిన నైట్రేటు రీళ్లను ఉంచడానికి మాకు అనుమతి లేదు, వాటిని ధ్వంసానికి తీసుకెళ్లే బండి ఆ రోజు పన్నెండింటికే రావాలి. ఆ కాగితం మీద ఉన్నదీ నా సంతకమే.

తాడు కోసే చోటు నాలుగో రీల్లో ఉంది. అయిదింటిలో బాగా పాడైంది అదే. చల్లటి గదిలోంచి తెచ్చి, కింద దీపమున్న అద్దం బల్ల మీద పెట్టాను. చేత్తో తిప్పే చక్రాల మీద ఎక్కించాను. చుట్టుకు చుట్టు అంటుకుపోయింది. లాగితే బొమ్మ పొరలా ఊడొస్తుంది. పలచటి ఎముక పుల్లతో అంచు విడదీస్తూ, ఒక్కో అంగుళం జరపాలి. తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాను. పదిన్నరకు ఒకచోట తెగింది. మళ్లీ అందుకున్నాను. చేతికి చెమట పడుతోంది, చెమట తగిలినా పాడవుతుంది. పదకొండుంబావుకు కోట గోడ కనిపించింది.

భూతద్దం పెట్టాను. పైన ఆమె. గోడ సగంలో అతను. కింద ఎడమ మూల, రాళ్ల దగ్గర, తెల్లటి చుక్కలు. ఆరు. తుడిచేసిన కాపీలో అక్కడ నల్లటి నీడ తప్ప ఏమీ లేదు.

దుమ్ము ఒక బొమ్మలో ఉంటుంది, తర్వాతి బొమ్మలో ఉండదు. మరుసటి బొమ్మ చూశాను. ఆరూ ఉన్నాయి. ఆ తర్వాతిదీ చూశాను. ఉన్నాయి. పది బొమ్మలు దాటేసరికి ఆరూ కలిసి ఒక వెంట్రుకంత పైకి లేచాయి. ఇరవై దాటేసరికి ఇంకొంచెం. దుమ్ము వరస కట్టి లేవదు. అవి ఎండ పడి మెరుస్తున్న బల్లేల మొనలు. తాడు తెగిన బొమ్మ దగ్గర అవన్నీ ఒక్కసారిగా ముందుకు ఒరిగాయి.

ఇంకొకటి కూడా అప్పుడే చూశాను. తాడు కోయకముందు ఆమె రెండుసార్లు నోరు పెద్దది చేసి అరుస్తుంది. దాన్ని నేను పగలబడి నవ్వడం అనుకున్నాను.

ఈసారి ప్రతి బొమ్మకూ ఫోటో తీశాను. పన్నెండుకు అయిదు నిమిషాలుండగా శ్రీధర్ రావు గారిని పిలిచాను. కింద బండి వచ్చిన చప్పుడు వినిపిస్తోంది. ఆయన భూతద్దం పెట్టుకుని చాలాసేపు వంగి చూశారు.

"కుళ్లిన మచ్చలు కావని గ్యారంటీ ఏంటి?"

"కుళ్లు కదలదు సార్. ఈ ఆరూ సమానంగా కదులుతున్నాయి. లెక్కపెట్టుకోండి."

ఆయన లెక్కపెట్టారు. ఆ తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి, బండి డ్రైవరును వెనక్కి పొమ్మని కేకేశారు. "కొత్త పత్రం మీరే రాయండి. పాతది తప్పని కూడా రాయండి. పేపర్లవాళ్లతో నేను మాట్లాడతాను" అన్నారు. చెప్పినట్టే మాట్లాడారు కూడా. ఆయన గురించి నేను ఎప్పుడు చెప్పినా ఈ మాట వదలను.

కొత్త కథాపత్రంలో పోయిన భాగాల కథ జైనబ్ బీ చెప్పినట్టే రాసి, చెప్పిందెవరో ఆమె పేరుతో పెట్టాను. దాని కింద, మొదటి పత్రంలో తప్పు ఎవరిదో, ఎందుకు జరిగిందో నా పేరుతో రాశాను. రాసేటప్పుడు సిగ్గేసింది. పోయిన నెల వచ్చిన ఆ అమ్మాయిల్లో ఒకామె "అది రాయకపోయినా ఎవరికీ తెలిసేది కాదు కదా మేడం" అంది. నిజమే, తెలిసేది కాదు. ఈ ఉద్యోగంలో మన తప్పు మనం చెబితే తప్ప ఎవరికీ తెలియదు. అందుకే చెప్పాలి.

చిన్న గదిలో

రెండు నెలల తర్వాత, ఆ చుక్కలు తుడవకుండా ఆ భాగాన్ని మళ్లీ తయారుచేసి, మా ఆఫీసులోనే ఇరవై కుర్చీల గదిలో ఆట వేశాం. బోయిగూడ వెళ్లి జైనబ్ బీని నేనే పిలిచాను. ఆమె వెంటనే రానంది. ముందు ఆమె ఎదురుగా కింద కూర్చుని, కథ మొత్తం మొదట్నుంచి విన్నాను. రెండు గంటలు పట్టింది. విన్నాక వస్తానంది.

రషీద్ గారు కూడా వచ్చారు కానీ లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డారు, వెళ్లిపోవడానికి వీలుగా.

ఈసారి హార్మోనియం లేదు. జైనబ్ బీ తెర పక్కన కూర్చుని కథ చెప్పింది. "గీమెనే మా అమ్మ. గిప్పుడు తండ్రి హారమిస్తడు, తీస్కోదు చూడుండ్రి, బల్ల మీదనే ఇడిసి పోతది." నిజంగానే హారం బల్ల మీదే ఉంది. అదీ నేను చూడలేదు. కోట గోడ వచ్చింది. "గా కింద చూడుండ్రి. ఎడమ దిక్కు. బల్లేలు."

ఆరు చుక్కలు లేచాయి. తెర మీద ఆమె అరిచింది, చప్పుడు లేకుండా. తాడు కోసింది.

"జెర ఆపుండ్రి." గుమ్మం దగ్గర్నుంచి రషీద్ గారి గొంతు. "ఎనకకు తిప్పుండ్రి."

వెనక్కి తిప్పాం. మళ్లీ అడిగారు. మళ్లీ తిప్పాం. మూడోసారి ఆయన లోపలికి వచ్చి, తెరకు బాగా దగ్గరగా నిలబడి చూశారు. ఆ తర్వాత అక్క పక్కన కుర్చీలో కూర్చున్నారు.

"ఆపా, ఆఖరుకు అతనికి ఎరుకైతదా? ఆమె దగా చెయ్యలేదని?"

"ఎరుకైతది" అంది జైనబ్ బీ. "గని అప్పటికి ఆమె ఉండదు."

రషీద్ గారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ఆయన భుజాలు అదురుతుంటే జైనబ్ బీ వీపు మీద చెయ్యి వేసింది.

"ఊకో. గీ ముచ్చట చెప్పేటప్పుడు అమ్మ ఒక్కసారన్న ఏడ్వలే, రషీద్. నువ్వేందిరా గిట్ల?"